టినియాన్ దీవిలోని నార్త్ ఫీల్డ్: తరచుగా అడిగే ప్రశ్నలు

పసిఫిక్ మహాసముద్రంలోని మరియానా దీవుల్లో టినియాన్ ఒకటి. దాని ఉత్తర కొసన నాలుగు పాత రన్‌వేలు చెట్ల మధ్య దాగి ఉంటాయి, ఆ స్థావరం పేరే నార్త్ ఫీల్డ్. 1945 ఆగస్టులో హిరోషిమా, నాగసాకిల మీద పడ్డ అణుబాంబులు బయల్దేరింది ఇక్కడి నుంచే. టినియాన్ గురించి రాసేవాళ్లు సాధారణంగా ఆ రెండు రోజుల దగ్గరే ఆగిపోతారు. అంతకుముందు అక్కడ చెరకు పండించినవాళ్లు, ఆ తర్వాత ఆ నేలను లీజుకు తీసుకున్నవాళ్లు కూడా ఈ కథలో ఉన్నారు. అందుకే కొన్ని జవాబులు కాస్త పొడుగ్గా ఉంటాయి.

టినియాన్ ఎక్కడుంది? ఎంత పెద్దది?

సైపాన్ దీవికి నైరుతి దిక్కున ఉంది. రెంటికీ మధ్య ఐదారు కిలోమీటర్ల సముద్రం. విస్తీర్ణం సుమారు 100 చదరపు కిలోమీటర్లు. 2020 జనాభా లెక్కల ప్రకారం అక్కడున్నది 2,044 మంది. దక్షిణాన శాన్ హోసే అనే ఊరు ఉంది, జనమంతా దాదాపు అక్కడే. అమెరికా అధీనంలోని నార్తర్న్ మరియానా ఐలాండ్స్ కామన్వెల్త్‌లో ఇది భాగం. ఈ కథకు ముఖ్యమైన విషయాలు రెండు: దీవిలో చాలాభాగం చదునుగా ఉంటుంది, టోక్యో అక్కడికి దాదాపు 2,400 కిలోమీటర్లు.

యుద్ధానికి ముందు అక్కడ ఎవరుండేవారు?

మొదటి నివాసులు చమొర్రో ప్రజలు. పెద్ద రాతి స్తంభాలు నిలబెట్టి, వాటి మీద ఇళ్లు కట్టుకునేవారు. శాన్ హోసేలో 'తాగా ఇల్లు' అనే చోట అలాంటి స్తంభాలు 12 ఉండేవి. ఒక్కోటి నాలుగున్నర మీటర్ల పైచిలుకు ఎత్తు. ఇప్పుడు ఒక్కటే నిలబడి ఉంది, మిగతావి కింద పడున్నాయి. స్పెయిన్ పాలకులు చమొర్రోలను దక్షిణాన ఉన్న గువామ్ దీవికి తరలించేసరికి దీవి దాదాపు ఖాళీ అయిపోయింది.

1899లో స్పెయిన్ ఉత్తర మరియానాలను జర్మనీకి అమ్మేసింది. మొదటి ప్రపంచ యుద్ధం మొదలైన 1914లోనే జపాన్ వాటిని ఆక్రమించుకుంది. యుద్ధం అయ్యాక నానాజాతి సమితి ఆ పాలనకు ఆమోదముద్ర వేసింది. అసలు మార్పు అప్పుడే వచ్చింది. నాన్యో కొహాత్సు అనే జపాన్ కంపెనీ అడవి కొట్టించి దీవినంతా చెరకు తోటగా మార్చేసింది. దాన్ని నడిపిన మత్సుయె హరుజీకి 'చక్కెర రాజు' అని పేరు. తోటల్లో, ఫ్యాక్టరీల్లో పనికి ఎక్కువగా ఒకినావా నుంచి పేద కుటుంబాలు వచ్చాయి, తర్వాత కొరియన్లు కూడా. 1944 నాటికి పదిహేను వేల మందికి పైగా సామాన్య జనం ఉండేవారు. అంటే, ఇప్పటి జనాభాకు ఏడెనిమిది రెట్లు.

ఎయిర్‌ఫీల్డ్ మొదట కట్టింది అమెరికా వాళ్లేనా?

కాదు, జపాన్ నౌకాదళం. ఉత్తరాన ఉషి పాయింట్ దగ్గర 1939లో పని మొదలైంది. కూలీలుగా యొకొహామా జైలు నుంచి దాదాపు 1,200 మంది ఖైదీలను ఓడల్లో తెచ్చారు. రన్‌వే పొడవు సుమారు 1,400 మీటర్లు. అప్పటి జపాన్ విమానాలకు అది సరిపోయేది. పక్కనే కాంక్రీటుతో కార్యాలయ భవనాలు, విమాన దాడుల నుంచి తలదాచుకునే బంకర్లు కట్టారు. జపాన్ ఒకటో ఎయిర్ ఫ్లీట్ అధిపతి వైస్ అడ్మిరల్ కకుతా కకుజీ ఈ దీవి నుంచే ఆజ్ఞలిచ్చేవాడు. కానీ 1944 జూన్‌లో ఫిలిప్పీన్ సముద్రంలో జరిగిన పోరుకే అతని విమానాల్లో చాలావరకు పోయాయి. అమెరికన్లు దిగే సమయానికి దీవిలో సైన్యం ఉంది, ఎగరడానికి విమానాలు మాత్రం లేవు.

అమెరికాకు ఈ చిన్న దీవే ఎందుకు కావాల్సి వచ్చింది?

బీ-29 కోసం. అప్పటికి అంత దూరం, అంత బరువు మోయగల బాంబర్ మరొకటి లేదు. నాలుగు ఇంజిన్లు, 43 మీటర్ల రెక్కలు, మామూలుగా 11 మంది సిబ్బంది. బాంబులు వేసుకుని జపాన్ ప్రధాన భూభాగం దాకా వెళ్లి తిరిగి రావాలంటే మరియానాలు సరిగ్గా అందే దూరంలో ఉన్నాయి. ఓడల్లో పెట్రోలు, బాంబులు నేరుగా రేవులో దింపుకోవచ్చు.

ఇక్కడ మన దేశం ప్రసక్తి వస్తుంది. బీ-29లు మొదట యుద్ధంలోకి దిగింది భారతదేశం నుంచే. ఖరగ్‌పూర్, చకులియా, పియర్‌డోబా, దూద్‌కుండీల్లో వాటి స్థావరాలు ఉండేవి. 1944 జూన్ 5న తొలి దాడి బాంకాక్ మీద జరిగింది. జపాన్ మీదికి వెళ్లాలంటే హిమాలయాలు దాటి చైనాలోని చెంగ్డూ దగ్గర ఆగాలి. అక్కడ వాడే ప్రతి చుక్క పెట్రోలూ ముందుగా ఇవే విమానాలు కొండల మీదుగా మోసుకెళ్లాలి. ఎన్నో ట్రిప్పులు సామాను మోస్తే గానీ ఒక దాడికి సరుకు కూడేది కాదు. ఆ పద్ధతి గిట్టుబాటు కాదని తేలిపోయింది. 1945లో ఆ బీ-29ల దళం (58వ వింగ్) మొత్తం మూటాముల్లె సర్దుకుని టినియాన్‌లోనే ఉన్న మరో స్థావరం వెస్ట్ ఫీల్డ్‌కు చేరింది. తరతరాలుగా తెలుగు రైల్వే కుటుంబాలున్న ఖరగ్‌పూర్‌కూ ఈ పసిఫిక్ దీవికీ ఇలా చుట్టరికం ఉందని మన దగ్గర చాలామందికి తెలియదు.

దీవి కోసం జరిగిన యుద్ధం ఎన్ని రోజులు సాగింది?

1944 జూలై 24 నుంచి ఆగస్టు 1 దాకా. మెరీన్లు (సముద్రం మీంచి తీరాల్లో దిగి పోరాడే అమెరికా సైనికులు) దిగడానికి అనువైన చోటు దక్షిణాన టినియాన్ టౌన్ ముందున్న తీరం. జపాన్ కమాండర్ కర్నల్ ఒగాతా కూడా ప్రధాన బలగాన్ని అక్కడే మోహరించాడు. 2వ మెరీన్ డివిజన్ ఆ తీరం ముందు దిగుతున్నట్టు నటించింది. అదే సమయంలో 4వ డివిజన్ వాయవ్యంలోని రెండు ఇరుకు ఇసుక రేవుల్లో దిగింది. వాటిలో ఒకటి 55 మీటర్లు, రెండోది 150 మీటర్లు కూడా లేదు. అంత సన్నటి చోట ఒక డివిజన్ దిగుతుందని ఎవరూ ఊహించలేదు. చీకటి పడేసరికి పదిహేను వేల మందికి పైగా ఒడ్డెక్కేశారు. సైపాన్ దక్షిణ తీరంలో వరసగా నిలిపిన ఫిరంగులు సముద్రం మీదుగా వాళ్లకు అండగా కాల్పులు జరిపాయి. నాపామ్ (అంటుకుని మండే జిగురు ఇంధనం) బాంబులు వాడిన తొలి యుద్ధాల్లో ఇదొకటి.

నటన దాడిలోనూ నెత్తురు పారింది. తీరంలోని జపాన్ ఫిరంగులు కొలరాడో యుద్ధనౌకను 22 సార్లు కొట్టాయి. ఆ ఓడలో 40 మందికి పైగా చనిపోయారు.

ఉషి పాయింట్ రన్‌వే జూలై 26న అమెరికన్ల చేతికి వచ్చింది. మొత్తం యుద్ధంలో అమెరికా వైపు 300 మందికి పైగా, జపాన్ వైపు వేలల్లో చనిపోయారు. లొంగిపోయిన జపాన్ సైనికులు కొద్దిమందే. అడవిలో దాక్కున్నవాళ్లలో చివరి మనిషి పట్టుబడింది 1953లో!

మరి సామాన్య జనం ఏమయ్యారు?

జవాబు చెప్పడం కష్టంగా ఉండే ప్రశ్న ఇది. దక్షిణ కొస కొండచరియల దాకా సైన్యంతోపాటు జనమూ వెనక్కి జరిగారు. అమెరికన్లకు దొరికితే చిత్రహింసలేనని వాళ్లకు చెప్పి ఉంచారు. కొందరు పిల్లలతో సహా అక్కడి నుంచి దూకేశారు, కొందర్ని సైనికులే చంపారు. ఆ చోటును ఇప్పుడు సూసైడ్ క్లిఫ్ అంటారు. మైకుల్లో బతిమాలి పిలిస్తే బయటికొచ్చినవాళ్లు కూడా చాలామందే ఉన్నారు. అలా బతికిన 11 వేల మందికి పైగా జనాన్ని చక్కెర గ్రామం చురో దగ్గర క్యాంపులో ఉంచారు. అక్కడే బడులు నడిచాయి, కూరగాయలు పండాయి. కంచె అవతల రాత్రీ పగలూ బాంబర్లు లేస్తుండేవి. 1946లో వాళ్లను ఒకినావాకు, జపాన్‌కు, కొరియాకు పంపించేశారు. వాళ్లలో చాలామంది పిల్లలకు టినియాన్ తప్ప వేరే ఊరు తెలియదు. దీవిలో కొరియన్ల కోసం విడిగా ఒక స్మారకం ఉంది. టూరిస్టులు దాని దగ్గర ఎక్కువసేపు ఆగరు. ఆగితే బాగుంటుంది.

నాలుగు రన్‌వేలు ఎంతకాలంలో కట్టారు?

ఒక్కోటి దాదాపు 2,600 మీటర్ల పొడవు. ఇవన్నీ ఏడాది తిరక్కుండానే పూర్తయ్యాయి. అమెరికా నౌకాదళ నిర్మాణ దళాల వాళ్లను సీబీలు అంటారు. సుమారు 15 వేల మంది సీబీలు షిఫ్టుల్లో పనిచేశారు. జపాన్ రన్‌వేనే పొడిగించి 'ఏబుల్' అని పేరు పెట్టారు, 1944 డిసెంబరుకల్లా అది సిద్ధమైంది. తర్వాత బేకర్, చార్లీ పూర్తయ్యాయి. 1945 మేలో నాలుగోదైన డాగ్ వచ్చింది. ఇంగ్లీషు అక్షరాలను సైన్యంలో అలా పిలిచేవారు.

దీవి అంతా పగడపు సున్నపురాయే. దాన్ని పేల్చి, తవ్వి, పరిచి, నీళ్లు కొట్టి రోలర్లతో తొక్కిస్తే గట్టిగా బిగుసుకుంటుంది. దాని పైన తారు పూత. సముద్రపు నీళ్లతో తడిపితే ఇంకా బాగా బిగుస్తుందని సీబీల అనుభవం. మధ్యలో వెస్ట్ ఫీల్డ్‌లో మరో రెండు రన్‌వేలు కట్టారు. యుద్ధం చివరికి నార్త్ ఫీల్డ్ అంత పెద్ద బాంబర్ స్థావరం ప్రపంచంలో లేదు. రాళ్లు పేల్చి, లోయ పూడ్చి ఇంత పని చేసిన ఇంజనీర్లకు చరిత్రలో దక్కిన చోటు చాలా తక్కువ. అందరూ పైలట్ల పేర్లే చెబుతారు.

దీవిలో బ్రాడ్‌వే, 42వ వీధి ఉన్నాయంటారు, నిజమేనా?

నిజమే. టినియాన్ ఆకారం న్యూయార్క్ మన్‌హాటన్‌ను పోలి ఉందని రోడ్లకు అక్కడి పేర్లే పెట్టారు. బ్రాడ్‌వే, ఎయిత్ అవెన్యూ, రివర్‌సైడ్ డ్రైవ్ అన్నీ ఉన్నాయి. ఇప్పటికీ అవే పేర్లు వాడతారు. అణుబాంబు పథకం పేరు కూడా మన్‌హాటన్ ప్రాజెక్టే కాబట్టి దానికీ దీనికీ లంకె ఉందని కొందరు రాస్తుంటారు. లేదు. ఆ పథకం దీవికి చేరకముందే రోడ్లకు పేర్లు పెట్టారు, దాని సంగతి సీబీలకు తెలిసే అవకాశమే లేదు.

అణుబాంబులు కాక ఇక్కడి విమానాలు ఇంకేం చేశాయి?

యుద్ధాన్ని మోసింది ఈ 'ఇంకేం' అన్నదే. నార్త్ ఫీల్డ్‌లో ఉన్న 313వ వింగ్ 1945 మొదట్లో దాడులు మొదలుపెట్టింది. మార్చి 9 రాత్రి గువామ్, సైపాన్, టినియాన్‌ల నుంచి 300కు పైగా బీ-29లు టోక్యో మీదికి వెళ్లాయి. జనరల్ కర్టిస్ లెమే పథకం ప్రకారం ఎత్తు బాగా తగ్గించి, చెక్క ఇళ్ల పేటల మీద అగ్ని బాంబులు కుమ్మరించారు. ఒక్క రాత్రిలో సుమారు 41 చదరపు కిలోమీటర్ల నగరం కాలిపోయింది. చనిపోయినవాళ్లు దాదాపు లక్ష మంది అని అంచనా. మిగతా నగరాలకూ అదే గతి పట్టింది.

ఇదే వింగ్ మార్చి నెలాఖరు నుంచి జపాన్ రేవుల్లో, జలసంధుల్లో మైన్లు (ఓడలు దగ్గరికొస్తే పేలే మందుపాతరలు) జారవిడిచింది. ఆ పనికి పెట్టిన పేరు 'ఆపరేషన్ స్టార్వేషన్', అంటే ఆకలితో మాడ్చడం. దాచిపెట్టిందేమీ లేదు, పేరులోనే ఉంది. మొత్తం 12 వేలకు పైగా మైన్లు వేశారు. ఓడల రాకపోకలు స్తంభించి తిండిగింజలు, బొగ్గు, నూనె అందకుండా పోయాయి. ఖర్చుకు తగ్గ ఫలితం చూస్తే బాంబు దాడులకన్నా ఇదే ఎక్కువ పనిచేసిందని వాదించే చరిత్రకారులున్నారు. నాకూ ఆ వాదనలో బలం ఉందనిపిస్తుంది.

509వ గ్రూపు వాళ్లు మిగతావాళ్లకు ఎందుకు దూరంగా ఉండేవారు?

కర్నల్ పాల్ టిబెట్స్ నడిపిన ఈ అణుబాంబు దళం ఉటా రాష్ట్రంలోని వెండోవర్‌లో తయారై 1945 వేసవిలో టినియాన్‌కు వచ్చింది. పని రహస్యం. వాళ్ల ఆవరణ చుట్టూ కంచె, కాపలా. విమానాలు ఒక్కో బాంబుతో వెళ్లి వచ్చేవి. రోజూ ప్రాణాలకు తెగించి వెళ్తున్న మిగతా దళాలకు ఇది చూస్తే ఒళ్లు మండేది. వీళ్లను ఎగతాళి చేస్తూ పాటలు కూడా కట్టారట. వీళ్లు వేసే ఆ పెద్ద బాంబులను 'గుమ్మడికాయలు' అనేవారు. ఆకారంలో నాగసాకి బాంబు లాంటివే, లోపల మామూలు పేలుడు మందు.

నార్త్ ఫీల్డ్‌లో కనిపించే రెండు గుంతలు దేనికి?

అణుబాంబులు ఎత్తుగా, లావుగా ఉండేవి. హిరోషిమా బాంబు 'లిటిల్ బాయ్' బరువు సుమారు 4,400 కిలోలు. విమానం పొట్ట కింద అంత ఖాళీ లేదు. కాబట్టి నేలలో గొయ్యి తవ్వి, బాంబును అందులోకి దింపి, విమానాన్ని వెనక్కి నెట్టుకుంటూ సరిగ్గా దాని మీదికి తెచ్చేవారు. అప్పుడు హైడ్రాలిక్ లిఫ్ట్‌తో బాంబును పైకి లేపి కొక్కేనికి తగిలించేవారు. యుద్ధం తర్వాత గుంతలను పూడ్చేశారు. 60 ఏళ్ల స్మరణ సందర్భంగా మళ్లీ తవ్వి, అద్దాల కప్పు వేశారు. ఇప్పుడు పైనుంచి లోపలికి చూడొచ్చు.

హిరోషిమా బాంబు ఇక్కడికి ఎలా చేరింది? ఆ రాత్రి ఏం జరిగింది?

ముఖ్య భాగాలను ఇండియానాపోలిస్ అనే క్రూయిజర్ జూలై 26న టినియాన్ రేవులో దింపింది. ఆ ఓడ గువామ్ మీదుగా ఫిలిప్పీన్స్‌కు వెళ్తూ నాలుగు రోజులకే జపాన్ జలాంతర్గామి టార్పెడోలకు మునిగిపోయింది. దాదాపు 1,195 మందిలో బతికింది 316 మంది. రోజుల తరబడి సముద్రంలో తేలుతున్నవాళ్లను ఎవరూ వెతకలేదు, ఓడ రాలేదన్న సంగతే ఎవరూ పట్టించుకోలేదు.

ఆగస్టు 5 రాత్రి నార్త్ ఫీల్డ్‌లో టెన్షన్ అంతా ఒక్కదాని గురించే: విమానం లేస్తుందా? అంతకుముందు కొన్ని బీ-29లు రన్‌వే చివరే కూలి తగలబడటం బాంబు బాధ్యుడు కెప్టెన్ విలియం పార్సన్స్ కళ్లారా చూశాడు. సిద్ధం చేసిన అణుబాంబుతో అలా జరిగితే దీవిలో సగం మిగలదు. అందుకని గాల్లోకి లేచాకే, బాంబు అరలోకి దిగి, మందు కూరతానన్నాడు. అలాగే చేశాడు కూడా. బయల్దేరే ముందు విమానం చుట్టూ ఫ్లడ్‌లైట్లు, కెమెరాలు. రహస్యానికి రహస్యం, షూటింగుకు షూటింగు!

ఆగస్టు 6 తెల్లవారుజామున 2:45కి టిబెట్స్ నడిపిన ఎనోలా గే ఏబుల్ రన్‌వే దాదాపు చివరి దాకా పరుగెత్తి లేచింది. విమానానికి పెట్టిన ఆ పేరు టిబెట్స్ తల్లిది. జపాన్ సమయం 8:15కి బాంబు వదిలారు. మధ్యాహ్నం మూడు కాకముందే విమానం మళ్లీ టినియాన్‌లో దిగింది, టిబెట్స్‌కు అక్కడే పతకం తగిలించారు. హిరోషిమాలో ఆ ఏడాది చివరికి చనిపోయినవాళ్లు సుమారు 1,40,000 మంది అని అంచనా.

నాగసాకి విమానం కూడా ఇక్కడి నుంచే వెళ్లిందా?

అవును, ఆగస్టు 9న చార్లెస్ స్వీనీ నడిపిన బాక్స్‌కార్. ఈసారి అడుగడుగునా చిక్కులే. ఒక ట్యాంకులోని పెట్రోలు వాడుకోవడానికి పంపు పనిచేయలేదు. అసలు లక్ష్యం జపాన్‌లోని కొకురా నగరం. అక్కడ పొగ, మబ్బు కమ్మి ఏమీ కనిపించలేదు. నాగసాకి మీదికి మళ్లారు. టినియాన్ దాకా వచ్చే ఇంధనం లేక ఒకినావాలో దిగాల్సి వచ్చింది.

మూడో బాంబు టినియాన్‌లో సిద్ధంగా ఉందా?

పేలుడుకు కావాల్సిన ప్లుటోనియం గోళం రాలేదు. అది అమెరికాలోని లాస్ అలమోస్‌లోనే ఉంది. ఆగస్టు 15న జపాన్ లొంగుబాటు ప్రకటించడంతో దాని అవసరం పడలేదు. ఆ గోళంతోనే ప్రయోగాలు చేస్తూ తర్వాత ఇద్దరు శాస్త్రవేత్తలు రేడియేషన్‌కు గురై చనిపోయారు.

ఇప్పుడు అక్కడ రేడియేషన్ ప్రమాదం ఉందా?

బాంబులు అక్కడ పేలలేదు, విమానాల్లోకి ఎక్కించారంతే. అడవిలో భయపడాల్సింది పేలకుండా మిగిలిపోయిన పాత గుండ్లకు. తుప్పుపట్టిన ఇనుప ముక్క ఏది కనిపించినా ముట్టుకోకూడదు.

ఇంత ఖర్చుతో కట్టినదాన్ని ఎందుకు వదిలేశారు?

టినియాన్ విలువంతా టోక్యోకున్న దూరంలోనే ఉంది. యుద్ధం ఆగాక ఆ దూరంతో పని లేకుండా పోయింది. నలభై వేలకు పైగా ఉన్న సైనికులు ఇళ్లకు వెళ్లిపోయారు, 1947కల్లా నార్త్ ఫీల్డ్ ఖాళీ అయింది. ఆ ఏడాదే దీవులు ఐక్యరాజ్యసమితి ట్రస్టు భూభాగంగా అమెరికా చేతికి వచ్చాయి.

కానీ పూర్తిగా వదిలేశారనడం సరికాదు. 1975లో ప్రజలు ఓటు వేసి అమెరికాతో ఒడంబడిక కుదుర్చుకున్నారు. దాని కింద 1983లో దీవిలో ఉత్తరం వైపు దాదాపు మూడింట రెండు వంతుల నేల అమెరికా సైన్యానికి 50 ఏళ్ల లీజుకు వెళ్లింది. ఇంకో 50 ఏళ్లు పొడిగించుకునే హక్కు కూడా రాసుకున్నారు. నార్త్ ఫీల్డ్ ఆ లీజు నేలలోనే ఉంది. చూడ్డానికి పాడుబడినట్టున్నా, కాగితం మీద యజమానులు ఎప్పుడూ దూరంగా పోలేదు.

రన్‌వేలను మింగేసిన ఆ చెట్లేమిటి?

స్థానికంగా టంగన్‌టంగన్ అంటారు. మనకు బాగా తెలిసిన చెట్టే: సుబాబుల్. ప్రకాశం, కృష్ణా జిల్లాల రైతులు కాగితం మిల్లుల కోసం పెంచేది ఇదే. యుద్ధంలో నేల బోడిగా మారిన మరియానాల్లో మట్టి కొట్టుకుపోకుండా విమానాల నుంచి దీని విత్తనాలు చల్లారు. ఎంత త్వరగా పెరుగుతుందో, ఎంత మొండిగా వ్యాపిస్తుందో మన రైతులను అడిగితే చెబుతారు. రన్‌వే పగుళ్లలో కూడా మొలిచింది.

ఇప్పుడు చూడ్డానికి ఏం మిగిలింది?

రన్‌వేలు, అద్దాల కింద రెండు గుంతలు, ఉషి పాయింట్ నాటి జపాన్ కాంక్రీటు భవనాలు, బంకర్లు. ఇనుప చువ్వలు బయటపడిన ఆ రెండంతస్తుల భవనంలో బాంబు దెబ్బలు స్పష్టంగా తెలుస్తాయి. మెరీన్లు దిగిన ఇరుకు రేవులు దగ్గర్లోనే ఉన్నాయి. వీటన్నింటినీ కలిపి 1985లో అమెరికా జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించింది. నా మటుకు, గుంతలకన్నా ఆ భవనాలే ఎక్కువ చెబుతాయి. ఈ నేల మొదట ఎవరిదో అక్కడే అర్థమవుతుంది.

మళ్లీ తెరుస్తున్నారన్నది నిజమా?

నిజమే. 2023 డిసెంబరులో అమెరికా పసిఫిక్ వాయుసేన కమాండర్ జనరల్ కెన్నెత్ విల్స్‌బాక్ ఆ సంగతి చెప్పారు. చెట్లు కొట్టి పాత రన్‌వేలను వాడకంలోకి తేవడం పథకం. చైనా క్షిపణులకు గువామ్‌లోని పెద్ద స్థావరం ఒకేసారి దెబ్బతింటే విమానాలు దిగడానికి వేరే చోట్లు కావాలన్నది వాళ్ల ఆలోచన. వెస్ట్ ఫీల్డ్ దగ్గరున్న పౌర విమానాశ్రయం పక్కన కూడా 2022లో సైనిక నిర్మాణం మొదలైంది. దీవిలో దీనిమీద ఒకే మాట లేదు. ఉద్యోగాలు వస్తాయని కొందరంటే, పశువులు మేపుకునే నేల, చేపలు పట్టే తీరం, పూర్వీకుల స్థలాలు ఏమవుతాయని మరికొందరి బెంగ.

మనవాళ్లు వెళ్లాలంటే?

భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు అమెరికా వీసా ఉండాలి. ముందు సైపాన్ చేరుకుంటే, అక్కడి నుంచి చిన్న విమానంలో పావుగంట ప్రయాణం. దీవిలో బస్సులు దొరుకుతాయనుకోవద్దు, కారు అద్దెకు తీసుకోవాలి. శాన్ హోసే నుంచి బ్రాడ్‌వే పట్టుకుని నేరుగా ఉత్తరానికి వెళ్తే చాలు. సైనిక విన్యాసాలో పనులో జరుగుతుంటే దారి మూసేస్తారు కాబట్టి ముందురోజే ఊళ్లో అడగండి. నీళ్లు, టోపీ, దోమల మందు తప్పనిసరి. 2018 అక్టోబరులో యూటూ తుఫాను ఈ దీవిని నేరుగా కొట్టింది, కాబట్టి వాతావరణ సూచన కూడా చూసుకోండి.

ఆ రెండు విమానాలు ఇప్పుడెక్కడున్నాయి?

ఎనోలా గే వాషింగ్టన్ డల్లెస్ విమానాశ్రయం పక్కనున్న స్మిత్‌సోనియన్ మ్యూజియం భవనంలో, బాక్స్‌కార్ ఒహాయోలోని డేటన్ వాయుసేన మ్యూజియంలో ఉన్నాయి. రెంటికీ ప్రవేశం ఉచితం. వాషింగ్టన్ చుట్టుపక్కల తెలుగువాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి, టినియాన్ దాకా వెళ్లలేకపోయినా వాళ్లకు మొదటిది చూడటం తేలికే. అక్కడ కారు పార్కింగుకు మాత్రం డబ్బు కట్టాలి.